లేని జేబుకు చిల్లు పడుతుందా?

సందేహం: గురువుగారూ, గ్యాస్ సిలిండర్ ధర పెరిగినప్పుడు పేపర్లో 'గృహిణుల జేబుకు చిల్లు' అని పెద్ద అక్షరాలతో వేశారు. మా అమ్మ చీరకు జేబు లేదు. నా కుర్తీకి లేదు, లెగ్గింగ్‌కీ లేదు. ఉన్న ఒక్క జీన్స్ జేబులో బస్సు టికెట్ తప్ప ఏదీ పట్టదు. లేని జేబుకు చిల్లెలా పడుతుందండీ? ఈ వాడుక తప్పు కాదా? కుర్తీకి జేబు పెట్టమంటే మా టైలరేమో 'మీ ఆయన జేబు ఉందిగా మేడమ్' అని నవ్వాడు. అసలు ఆడవాళ్ళ జేబుకి తెలుగులో వేరే మాట ఉందా? జేబు అనాలా, జోబు అనాలా?
– ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం

సమాధానం: వాడుక తప్పు కాదమ్మా. 'జేబుకు చిల్లు' అన్నప్పుడు జేబంటే బట్టకు కుట్టిన సంచి కాదు, ఖర్చుకని ఉంచుకున్న డబ్బు. మన అలంకారశాస్త్రంలో దీన్ని లక్షణ అంటారు. 'గంగలో గొల్లపల్లె' అన్నది దానికి పాత ఉదాహరణ, నీళ్ళలో పల్లె ఉండదు కాబట్టి గంగ ఒడ్డున ఉందని అర్థం చేసుకుంటాం. మన ఊళ్ళో 'సముద్రం మీదే ఫ్లాట్ కొన్నారు' అంటే బీచ్ రోడ్డులో అని ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది, అలాగన్నమాట. మాటకున్న అసలు అర్థం పొసగనప్పుడే లక్షణ వస్తుంది. మీ అమ్మగారి జేబు దగ్గర అసలు అర్థం పొసగే వీలే లేదు, ఎందుకంటే ఆ జేబును ఎవరూ కుట్టనే లేదు! లక్షణకు మగవాడి జేబు కంటే ఇదే మంచి ఉదాహరణ, ఇకమీదట పిల్లలకు పాఠం చెప్పేటప్పుడు నేను ఇదే చెప్తాను.

తప్పు కాదన్నాను గానీ ఆ శీర్షిక నాకూ నచ్చలేదు. ఆడవాళ్ళ డబ్బు గురించి రాస్తున్నప్పుడు ఆడవాళ్ళ మాటలే వాడొచ్చు, తెలుగులో అవి బోలెడున్నాయి. రొంటిన దోపుకోవడం, బొడ్లో దోపుకోవడం, కొంగున ముడి వేసుకోవడం, ఏరిన పత్తికీ కోసిన కూరలకూ ఒడి కట్టుకోవడం, ఇవన్నీ దర్జీ అవసరం లేకుండా కట్టుకున్న బట్టలోంచే జేబు పుట్టించుకున్న వాళ్ళ మాటలు. నడుముకు కట్టుకునే డబ్బు సంచికి జాలె అనే పాత మాట ఉంది, దాన్ని మళ్ళీ వాడుకలోకి తేవాలని నాకు చాలా కోరిక. ఇక 'కొంగుబంగారం' చూడండి. మార్గశిర గురువారాలు వచ్చాయంటే బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారిని కొంగుబంగారమని రాయని పేపరుండదు. చెయ్యి చాచితే అందేంత దగ్గరగా, ముడి విప్పితే చాలు అన్నట్టుండే బంగారం. ఆ చోట 'జేబుబంగారం' అని పెట్టి చూడండి, నోరే తిరగదు. 'గృహిణి కొంగుముడికి గ్యాస్ దెబ్బ' అని రాసి ఉంటే మీకు ఈ సందేహమే వచ్చేది కాదు.

జేబు అనే మాట మనకు ఉర్దూ నుంచి వచ్చింది, అక్కడికి పారసీ మీదుగా అరబ్బీ 'జైబ్' నుంచి. అరబ్బీలో దానికి మొదటి అర్థం ప్యాంటు పక్కన ఉండే సంచి కాదు, బట్టకు మెడ దగ్గర, గుండెల మీద ఉండే తెరపు. (లెక్కల్లో 'సైన్' కూడా ఈ మాట చలవే. సైన్‌కు మన గణితంలో ఉన్న 'జీవా' అనే పేరును అరబ్బులు తమ లిపిలో రాసుకుంటే, తర్వాతివాళ్ళు దాన్ని 'జైబ్' అని చదివారు, 12వ శతాబ్దంలో లాటిన్‌లోకి మార్చినవాళ్ళు బట్ట మడత అనే అర్థం తీసుకుని 'సైనస్' అన్నారు.) అందుకని పూర్ణా మార్కెట్లో కూరలమ్మే అమ్మ రవికలోంచి చిన్న పర్సు తీసి చిల్లర ఇస్తే నవ్వేవాళ్ళకు నేను చెప్పేదొకటే, ఆ మాట అసలు అర్థంలో జేబున్నది ఆవిడకే.

మీ టైలర్ వేసిన జోకు పాతదే. పెళ్ళాం మొగుడి జేబు ఖాళీ చేస్తుందని నవ్వించడం, ఆమెకు మాత్రం జేబు కుట్టకపోవడం! ఆ జోకులో ఆడదానికి సొంత సంపాదన ఉండదనే లెక్క ఉంది. మన ఊళ్ళో పొద్దున్నే గాజువాక బస్సు ఎక్కి, ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో ఫోనూ పట్టుకుని, పర్సుకు మూడో చెయ్యి వెతుక్కునే అమ్మాయి తన జీతంతోనే ఆ కుర్తీ కుట్టించుకుంది. మీ జీన్స్ సంగతి కూడా మీ ఊహ కాదు. 2018లో అమెరికాలో 20 బ్రాండ్ల జీన్స్ కొలిచి చూస్తే ఆడవాళ్ళ ముందు జేబులు మగవాళ్ళవాటికంటే సగటున 48 శాతం పొట్టిగా ఉన్నాయి.

జేబు, జోబు రెండూ వినిపిస్తాయి, మాట్లాడేటప్పుడు ఏదైనా పరవాలేదు, రాతలో జేబు అనే రాయండి. 'పాకెట్' వద్దంటాను, పాల పాకెట్‌తో కలిసిపోతుంది. టైలర్ దగ్గర మాత్రం ఉత్త 'జేబు' అంటే చాలదు. ఫిట్టింగ్ పోతుందనీ పక్కన చీలిక ఉందనీ అంటాడు. 'చీలిక పైన, పక్క కుట్టులో సైడు జేబు, చెయ్యి మణికట్టు దాకా దిగాలి' అని గుడ్డ కత్తిరించకముందే చెప్పండి.