ఇన్సూరెన్స్ డాక్టర్ పరీక్షకు వెళ్లే ముందు

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. మావారికి రెండేళ్లుగా ఫిట్స్, వాటితోపాటు యాంగ్జైటీ. మాట్లాడుతూనే ఆగిపోతారు, చొక్కా గుండీ పట్టుకుని లాగుతూ ఏదో నములుతున్నట్టు నోరు ఆడిస్తారు, తర్వాత కాసేపు ఎక్కడున్నారో తెలీదు. ఆఫీసు ద్వారా ఉన్న డిసేబిలిటీ ఇన్సూరెన్స్‌కి (జబ్బు వల్ల పని చేయలేకపోతే డబ్బిచ్చేది) అప్లై చేస్తే, తాము చెప్పిన డాక్టర్ దగ్గర 'ఇండిపెండెంట్' పరీక్ష చేయించుకోమన్నారు. ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష) నార్మల్ వచ్చింది. ఇదంతా టెన్షనే అని రాసేస్తారేమో! వెళ్లాలా?

జవాబు: వెళ్లాలమ్మా. చాలా పాలసీల్లో ఆ షరతు ఉంటుంది, వెళ్లకపోతే ఆ ఒక్క సాకుతోనే డబ్బు ఆపేస్తారు. కానీ ఆ డాక్టర్‌కి ఫీజిచ్చేది ఇన్సూరెన్స్ కంపెనీయే. ఆయన మందు రాయరు, వైద్యం చేయరు, చూసి రిపోర్టు పంపుతారు, అంతే.

మామూలు ఈఈజీ ఓ అరగంట సేపే తీస్తారు. ఆ కాసేపట్లో మెదడు మామూలుగా ఉంటే గీతలూ మామూలుగానే వస్తాయి, దాంతో మూర్ఛ లేదని తేలిపోదు. మీరు రాసిన ఆ గుండీ లాగడం, నమలడం, తర్వాత అయోమయం, ఇవి న్యూరాలజిస్టులు బాగా ఎరిగిన లక్షణాలు. ఆ డాక్టర్ గదిలో అవి కనపడకపోవచ్చు, ఇంట్లో చూసింది మీరు. అందుకే ఈసారి ఫిట్స్ వచ్చినప్పుడు ముందు ఆయనకు దెబ్బ తగలకుండా చూసి, పడిపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆ తర్వాతే ఫోన్‌లో వీడియో తీయండి. తేదీ, టైమ్, ఎన్ని నిమిషాలు, తేరుకోవడానికి ఎంతసేపు పట్టిందో డైరీలో రాయండి.

అసలు చిక్కు ఇంకొకటి ఉంది. చాలా గ్రూప్ పాలసీలు మానసిక సమస్యలకు 24 నెలలే డబ్బిస్తాయి, నరాల జబ్బుకు సాధారణంగా ఆ పరిమితి ఉండదు, కాబట్టి కాగితం మీద యాంగ్జైటీ మొదట పడితే మీకు నష్టం. అలాగని దాన్ని దాచొద్దు, ఫిట్స్ ఉన్నవాళ్లలో ఆందోళన మామూలే, కొన్ని ఫిట్స్ ఉన్నట్టుండి భయంగానే మొదలవుతాయి కూడా. ఫిట్స్ వల్లే ఏ పనులు చేయలేకపోతున్నారో మీ న్యూరాలజిస్టుతో విడిగా రాయించుకోండి.

మీరూ వెంట వెళ్లండి, లోపలికి రానివ్వకపోయినా వెళ్లిన టైమ్, బయటికొచ్చిన టైమ్ రాసుకోండి. జబ్బు కనపడాలని మందులు మాత్రం ఒక్క పూట కూడా మానొద్దు, ప్రాణం మీదకొస్తుంది. ఉన్నదానికంటే ఎక్కువ చెప్పొద్దు, కొన్ని పరీక్షలు అతిశయోక్తిని పట్టుకోవడానికే పెడతారు.

క్లెయిమ్ కాదంటే, ప్రైవేట్ ఉద్యోగం పాలసీ అయితే ఎరిసా (ఉద్యోగుల బెనిఫిట్లకు సంబంధించిన అమెరికా చట్టం) కింద అప్పీలుకు 180 రోజులుంటాయి. ఆ డాక్టర్ రిపోర్టుతో సహా ఫైలంతా ఉచితంగా ఇమ్మని అడగండి, ఇవ్వాల్సిందే. మీ డాక్టర్ మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని లేదని 2003లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది, అయితే 2018 నుంచి అమల్లో ఉన్న రూల్స్ ప్రకారం ఆ మాట ఎందుకు ఒప్పుకోలేదో కంపెనీ వివరంగా రాయాలి. తర్వాత కోర్టుకెళ్లినా చాలావరకు ఆ ఫైల్లో ఉన్నదే చూస్తారు, కాబట్టి వీడియో, డైరీ, న్యూరాలజిస్టు ఉత్తరం అన్నీ అప్పీలులోనే పెట్టండి, ఇలాంటి కేసులు చూసే లాయర్‌ని అప్పీలు పంపకముందే కలవండి.