ఫోన్ల నుంచి మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌లోకి రాలేకపోవడం, రీస్టార్ట్ చేస్తే కట్టినవి మాయమవడం

మీరు చెప్పిన రెండు ఇబ్బందులూ నేను పడ్డవే. ఒకటి, కంప్యూటర్లలో ఆడేవాళ్ళు సర్వర్‌లోకి వస్తున్నారు కానీ ఫోన్లవాళ్ళని కంప్యూటర్ సర్వర్‌లోకి రానిచ్చే గైజర్ ప్లగిన్ పెట్టినా వాళ్ళు రాలేకపోతున్నారు. రెండోది, కంటెయినర్‌ని (డాకర్ అనే సాఫ్ట్‌వేర్ మన సర్వర్‌ని విడిగా ఉంచి నడిపే పెట్టె) రీస్టార్ట్ చేసినప్పుడల్లా ఆఖర్న కట్టినవి పోతున్నాయి. ఈ రెండింటికీ సంబంధం లేదు, విడివిడిగా చూడండి.

ఫోన్ల సంగతి తేలిక. కంప్యూటర్‌లో ఆడే జావా ఎడిషన్ 25565 పోర్ట్ (సర్వర్‌లోకి వచ్చే నంబరున్న తలుపు అనుకోండి) మీద టీసీపీలో వస్తుంది, ఫోన్లలో ఉండే బెడ్‌రాక్ మాత్రం 19132 మీద యూడీపీలో వస్తుంది. టీసీపీ, యూడీపీ అనేవి డేటా పంపే రెండు వేర్వేరు పద్ధతులు. కంటెయినర్ సెట్టింగులు రాసే కంపోజ్ ఫైల్లో ఉత్త నంబర్ రాసి వదిలేస్తే డాకర్ దాన్ని టీసీపీ అనే అనుకుంటుంది, అందుకని 19132 పక్కన స్లాష్ పెట్టి యూడీపీ అని రాయాల్సిందే. తర్వాత క్లౌడ్ ఫైర్‌వాల్‌లో కూడా అదే పోర్ట్ యూడీపీకే తెరవాలి. నేను అక్కడ టీసీపీ తెరిచి, ఒక సాయంత్రమంతా గైజర్‌ని తిట్టుకుంటూ కూర్చున్నాను.

రీస్టార్ట్ వ్యవహారమే నన్ను ఎక్కువ ఏడిపించింది. ఓ ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, "అన్నా, నా కోట పై అంతస్తు లేదు" అన్నాడు. వెళ్ళి చూస్తే వాల్యూమ్ (కంటెయినర్ పోయినా డేటా నిలిచి ఉండే చోటు) ఉంది, ఫైళ్ళున్నాయి, కోట కింది భాగం కూడా ఉంది, నేను రాత్రి రీస్టార్ట్ చేయడానికి ముందు వాడు కట్టినదే లేదు. తప్పు నా స్టార్ట్ స్క్రిప్ట్‌లో ఉంది. కంటెయినర్‌ని ఆపమంటే డాకర్ లోపలి మొదటి ప్రాసెస్‌కి సిగ్‌టర్మ్ అని, ఆగమనే సిగ్నల్ పంపుతుంది, పది సెకన్లు ఆగుతుంది, అప్పటికీ ఆగకపోతే నిర్దాక్షిణ్యంగా చంపేస్తుంది. నా కంటెయినర్‌లో మొదటి ప్రాసెస్ మైన్‌క్రాఫ్ట్‌ని నడిపే జావా కాదు, దాన్ని మొదలుపెట్టిన షెల్, అంటే స్క్రిప్ట్‌ని నడిపే ప్రోగ్రామ్. షెల్ ఆ సిగ్నల్‌ని జావాకి అందించదు. ఆపమన్న కబురే చేరకపోతే మైన్‌క్రాఫ్ట్ ఏం సేవ్ చేస్తుంది? ఆపినప్పుడల్లా సరిగ్గా పది సెకన్లు పట్టేది, జావా కదా, టైమ్ పడుతుందిలే అని నేనూ పట్టించుకోలేదు.

స్క్రిప్ట్‌లో జావా కమాండ్ ముందు ఎగ్జెక్ అని ఒక్క మాట చేరిస్తే షెల్ స్థానంలోకి జావాయే వస్తుంది. దాంతోపాటు కంపోజ్ ఫైల్లో స్టాప్ గ్రేస్ పీరియడ్ (ఆపమన్నాక చంపేముందు డాకర్ ఆగే సమయం) ఒక నిమిషమో రెండు నిమిషాలో పెట్టండి, వరల్డ్ పెద్దదైతే పది సెకన్లలో సేవ్ అవ్వకపోవచ్చు. ఇప్పుడు ఆపి లాగ్ చూస్తే చివర్లో సేవింగ్ వరల్డ్స్ అన్న లైన్ కనపడాలి.

కంటెయినర్ ఆగాక ఎగ్జిట్ కోడ్ 137 వచ్చిందంటే చంపేశారనే అర్థం, కానీ దానికి కారణం మెమరీ కూడా కావచ్చు. డాకర్ ఇన్‌స్పెక్ట్ కమాండ్ కొట్టి చూస్తే ఓఓఎమ్ కిల్డ్ (మెమరీ చాలక చంపేశారా అన్నది) ట్రూ అని ఉంటే మెమరీయే. నాలుగు జీబీ మెషీన్‌లో జావా హీప్‌కి (గేమ్ డేటా కోసం జావా తీసుకునే మెమరీ) నాలుగూ రాసేవాళ్ళని చూశాను, హీప్ కాకుండా కూడా జావాకి మెమరీ కావాలి, ఆపరేటింగ్ సిస్టమ్‌కీ కావాలి. నేనైతే హీప్ రెండున్నర జీబీకి మించనివ్వను.

ఇంకో మాట. మీరు యూఎఫ్‌డబ్ల్యూ (లినక్స్‌లో ఉండే ఫైర్‌వాల్) పెట్టాను, భయం లేదు అని రాశారు. డాకర్ పబ్లిష్ చేసిన (కంపోజ్ ఫైల్లో పోర్ట్‌ల కింద రాసిన) పోర్ట్‌లు యూఎఫ్‌డబ్ల్యూని పక్కకు నెట్టి బయటికి తెరుచుకుంటాయి, కాబట్టి దూరం నుంచి సర్వర్‌కి కమాండ్లు ఇచ్చే ఆర్‌కాన్ వాడే 25575ని అసలు పబ్లిష్ చేయకండి.

చాలా కంటెయినర్లని చాలా మెషీన్ల మీద నడిపించే కుబర్నెటీస్ గురించి అడిగారు. గేమ్ సర్వర్ల కోసమే దాని మీద అగోనెస్ అని ఒకటుంది, గూగుల్, యూబీసాఫ్ట్ కలిసి 2018లో బయటపెట్టాయి. మ్యాచ్ మ్యాచ్‌కీ కొత్త సర్వర్ పుట్టించే గేములకి బాగుంటుంది, పదిమంది ఫ్రెండ్స్‌కి దండగ. దాని బదులు క్లౌడ్ రీజియన్ (మీ సర్వర్ ఉండే చోటు) చూసుకోండి, డిఫాల్ట్‌గా అమెరికా వచ్చి ఉంటే ముంబయికో హైదరాబాద్‌కో మార్చండి, పింగ్‌లో (డేటా వెళ్ళి రావడానికి పట్టే సమయంలో) తేడా మీకే తెలుస్తుంది.

అయినా ఫోన్లు రాకపోతే కంపోజ్ ఫైల్లో పోర్ట్‌ల భాగం ఇక్కడ పెట్టండి, చూస్తాను. ఆర్‌కాన్ పాస్‌వర్డ్ మాత్రం తీసేసి పెట్టండి బాబూ.