సామాజిక తనిఖీ చేసిన అమ్మాయికి అమెరికాలో ఉద్యోగం దొరుకుతుందా అంటే

మొన్న ఆదివారం ఒక చెల్లెలు ఫోన్ చేసింది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా ఉన్న భర్తతో వచ్చే డిపెండెంట్ వీసా మీద, డాలస్ వచ్చి ఎనిమిది నెలలైందంట, ఈఏడీ అనే పని అనుమతి కార్డు ఈమధ్యే చేతికొచ్చింది. ఇండియాలో ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) చదివి ఉపాధి హామీ సామాజిక తనిఖీలో, అంటే కాగితాల్లో రాసిన పని, కూలి నిజమో కాదో ఊళ్లో జనం మధ్యే సరిచూసే పనిలో, మూడేళ్లు డీఆర్పీగా (డిస్ట్రిక్ట్ రిసోర్స్ పర్సన్) చేసింది. "అక్కా, ఆ పని ఇక్కడ ఎవడికీ అక్కర్లేదంట, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కోర్సు చేసి రెజ్యూమేలో లేని నాలుగేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టేసుకో అంటున్నారు, నిజంగానే పనికిరాదా" అని అడిగింది. అడిగేటప్పుడు గొంతు అదోలా అయిపోయింది పాపం. 2011లో నేను వచ్చినప్పుడు నాకూ అచ్చం ఇవే మాటలు చెప్పారు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా, తనలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు.

పనికొస్తుందమ్మా. నేను 2016 నుంచి ఇక్కడ చేస్తున్న పని అదే.

మాది అనంతపురం జిల్లా. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశం మొత్తానికి మొదలైంది మా జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ చట్టంలో 17వ సెక్షన్ ప్రకారం పనులన్నిటికీ గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలని ఉండేది, దాన్ని నిజంగా పట్టించుకుని ఒక పద్ధతిలో పెట్టింది మన రాష్ట్రమే, 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ కూడా పెట్టారు. డిగ్రీ అయిన పిల్లల్ని, కూలీల ఇళ్లలో చదువుకున్న పిల్లల్ని తీసుకుని, ట్రైనింగ్ ఇచ్చి, సొంత ఊరు కాకుండా వేరే ఊళ్లకు పంపేవాళ్లు. మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు), ఎం-బుక్కు (పని కొలతల పుస్తకం), చెల్లింపుల లెక్కలు పట్టుకుని ఇల్లిల్లూ తిరగడం, జాబ్ కార్డు చూడటం, చెరువు పని జరిగిన చోటికి పోయి టేపు పెట్టి కొలవడం, రాత్రికి బడిలో పడుకోవడం, చివరికి మండలంలో ప్రజావేదిక, అంటే తేలిన తప్పులన్నీ అధికారుల ముందు, జనం ముందు చదివే సభ. నేను 2008 నుంచి మూడేళ్లు చేశా.

ఒక ముసలామె నాకు ఇప్పటికీ గుర్తుంది. గుడిసె ముందర కూర్చుని చింతపండు గింజలు తీస్తా ఉంది. మస్టర్లో వాళ్లాయన పేరు మీద 24 రోజులు పని చేసినట్టు, డబ్బులు తీసుకున్నట్టు వేలిముద్ర కూడా ఉంది. నేను చదివి వినిపిస్తే ఆమె చెయ్యి ఆగిపోయింది, "యాడ చేసినాడమ్మా పని, ఆయప్ప పోయి రెండేండ్లాయ గదా" అనింది. జాబ్ కార్డు అడిగితే ఊళ్లో పనులు చూసే ఫీల్డ్ అసిస్టెంట్ దగ్గరుంది అని చెప్పింది. ప్రజావేదికలో మైకు పట్టుకుని అదే మాట అందరి ముందర చెప్పింది, చెయ్యి వణుకుతానే ఉంది కానీ మాట మాత్రం తడబడలేదు. ఆఫీసులో కూర్చుని చూస్తే ఆ మస్టర్ రోల్‌లో ఒక్క తప్పు కూడా కనపడదు, సంతకాలు, ముద్రలు, టోటల్ అన్నీ కరెక్టే. ఆమె ఇంటి దాకా పోతేనే తెలిసింది.

ఇక ఇక్కడి సంగతి. సీఏసీఎఫ్‌పీ అని ఫెడరల్ ప్రభుత్వ ఆహార కార్యక్రమం ఒకటుంది, 1968లో మొదలైంది, డబ్బు యూఎస్‌డీఏది (ఫెడరల్ వ్యవసాయ శాఖ), మా టెక్సస్‌లో రాష్ట్ర వ్యవసాయ శాఖ నడుపుతుంది. డేకేర్ సెంటర్లు, ఇంట్లో డేకేర్ నడిపేవాళ్లు పిల్లలకి రూల్ ప్రకారం భోజనం పెడితే ఆ లెక్కన డబ్బిస్తారు. మన అంగన్‌వాడీ భోజనం గుర్తు తెచ్చుకోండి, దగ్గరదగ్గర అలాంటిదే. ఇళ్లలో నడిపే డేకేర్లకీ చాలా సెంటర్లకీ మధ్యలో స్పాన్సర్ అనే సంస్థ ఉంటుంది, ఎక్కువగా నాన్ ప్రాఫిట్లే. ఆ స్పాన్సర్ తన కింద ఉన్న ఒక్కో చోటికి ఏడాదికి కనీసం 3 సార్లు మనిషిని పంపి తనిఖీ చేయాలి, అందులో 2 సార్లు చెప్పకుండా పోవాలి, చెప్పకుండా పోయినవాటిలో కనీసం ఒకసారి పిల్లలు తినే టైముకే ఉండి కళ్లారా చూడాలి, రెండు తనిఖీల మధ్య 6 నెలలు దాటకూడదు. అలా పోయే మనిషినే మానిటర్ అంటారు. నేను చేసేది ఆ ఉద్యోగమే.

పోగానే ఐడీ కార్డు చూపించి లోపలికి వెళ్తా, పిల్లల్ని లెక్కపెడతా, ప్లేటులో ఏముందో చూస్తా, మెనూ చూస్తా, వరసగా 5 రోజుల భోజనాల లెక్క తీసి ఎన్‌రోల్‌మెంట్‌తో, హాజరుతో సరిచూస్తా. అనుమానం వస్తే తల్లిదండ్రులకి ఫోన్ చేసి ఆ రోజు మీ బాబు డేకేర్‌కి వచ్చాడా అని అడగడం కూడా ఉంటుంది. మస్టర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన మనిషికి ఇదంతా కొత్తగా అనిపించదు.

ఒకసారి మన తెలుగావిడ ఇంట్లో డేకేర్‌కి పోయా. తలుపు తీసి నా పేరు చూడగానే "రండి రండి, కాఫీ పెట్టనా" అంది, మంచి మనిషి, పిల్లల్ని ముద్దుగా చూసుకుంటుంది. టైం పదిన్నర. ఫ్రిజ్ మీద అతికించిన షీట్లో లంచ్ కాలంలో ఆరు, సాయంత్రం స్నాక్ కాలంలో ఆరు అని అప్పటికే రాసేసి ఉంది, ఇంట్లో చూస్తే నలుగురే పిల్లలు. తర్వాత టైం ఉండదని పొద్దున్నే రాసిపెట్టుకుంటుందంట. దొంగతనం కాదది, అలవాటు. అయినా రాశాను. కాఫీ తాగలేదు, ఊళ్లలో కూడా తనిఖీ చేసే చోట ఏమీ తీసుకునేవాళ్లం కాదు, ఆ అలవాటు పోలేదు. రాసేటప్పుడు చాలా బాధేసింది, మనావిడ కదా అని. కానీ అక్కడే కూర్చుని ఎలా రాసుకోవాలో అరగంట నేర్పించా, పప్పు ప్రోటీన్ కింద గానీ కూరగాయ కింద గానీ లెక్కవుతుంది తప్ప ఒకే భోజనంలో రెండిటికీ లెక్కకాదని, ఇంట్లో తోడేసిన పెరుగు అసలు లెక్కలోకి రాదని, కొన్న పెరుగే పెట్టాలని చెప్పా. పెరుగు సంగతి ఆవిడకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఇంత చిన్నదానికి అంత పట్టుదల ఎందుకు అంటారేమో. కోవిడ్ టైంలో ఈ భోజనాల ప్రోగ్రాముల్లో సైటుకి పోయి చూడాలనే రూల్ సడలించారు, ఆ టైంలోనే మిన్నెసోటాలో పెట్టని భోజనాలకి బిల్లులు పెట్టి దాదాపు 250 మిలియన్ డాలర్లు తినేశారని 2022 సెప్టెంబర్‌లో 47 మంది మీద కేసులు పెట్టారు. కాగితం మీద వేల మంది పిల్లలు. ఆ వార్త చూసినప్పుడు నాకు ఆ ముసలామె మస్టరే గుర్తొచ్చింది.

ఇప్పుడు అసలు సందేహాలు. వీసా ముందు చూసుకోండి. హెచ్-4లో ఈఏడీ చేతికొచ్చేదాకా ఒక్క గంట కూడా డబ్బులకి పని చేయొద్దు, క్యాష్ అయినా సరే. ఈ ఈఏడీ రూలు 2015 మే 26 నుంచి వచ్చింది, మీ ఆయనకి గ్రీన్ కార్డు కోసం కంపెనీ వేసే ఐ-140 అప్రూవ్ అయ్యుండాలి లేదా ఆరేళ్లు దాటి హెచ్-1బీ పొడిగింపు వచ్చుండాలి, నేనైతే ఆ రూలు వచ్చేదాకా నాలుగేళ్లు ఇంట్లోనే ఉన్నా. రెన్యువల్ 180 రోజుల ముందే వేసేయండి, 2025 అక్టోబర్ 30 నుంచి వేసినవాటికి ఆటోమేటిక్ పొడిగింపు తీసేశారు, కార్డు రాకపోతే ఉద్యోగం ఆపాల్సిందే. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఇక్కడ సోషల్ వర్కో పబ్లిక్ హెల్తో చదివేవాళ్లు ఓపీటీలో (స్టూడెంట్లకి కొంతకాలం ఇచ్చే పని అనుమతి) చేయొచ్చు, చదువుకి సంబంధం ఉన్న పనే అయ్యుండాలి. ఈ సంస్థలు హెచ్-1బీ స్పాన్సర్ చేస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు, నేను చూసినంతలో ఎవరూ చేయలేదు.

మన మూడేళ్ల డిగ్రీని కొన్నిచోట్ల ఇక్కడి నాలుగేళ్ల డిగ్రీకి సమానంగా తీసుకోరు, కాబట్టి మన డిగ్రీ ఇక్కడ దేనికి సమానమో చెప్పే ఎవాల్యుయేషన్ చేయించుకోండి, ఎంఎస్‌డబ్ల్యూ ఉంటే అదీ కలిపి పంపండి. డ్రైవింగ్ రాకపోతే ఈ పని కుదరదు, సొంత కారులో తిరగాలి, మైలుకింత అని ఇస్తారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఉంటుంది. టెక్సస్‌లో కాస్త స్పానిష్ నేర్చుకుంటే చాలా ఉపయోగం, మా దాంట్లో సగం ఇళ్లలో అదే మాట్లాడతారు. జీతం సాఫ్ట్‌వేర్ అంత రాదు, అది ముందే ఇంట్లో మాట్లాడుకోండి.

వెతికేటప్పుడు సోషల్ ఆడిట్ అని కొడితే ఏమీ రాదు. ఫుడ్ ప్రోగ్రామ్ మానిటర్, ఫీల్డ్ మానిటర్, చైల్డ్ కేర్ లైసెన్సింగ్ ఇన్‌స్పెక్టర్, హౌసింగ్ ఇన్‌స్పెక్టర్, ఇలా వెతకండి. అద్దె సాయం అందే ఇళ్లని సాధారణంగా రెండేళ్లకోసారి చూసిరావాలి, దానికీ మనుషులు కావాలి. నర్సింగ్ చదివినవాళ్లకైతే నర్సింగ్ హోంలు తనిఖీ చేసే స్టేట్ సర్వేయర్ ఉద్యోగాలున్నాయి. రెజ్యూమేలో మాత్రం డీఆర్పీ అని రాసి వదిలేయొద్దు, ఎవరికీ అర్థం కాదు. ఎన్ని ఊళ్లు, ఎన్ని ఇళ్లు, ఎన్ని మస్టర్లు సరిచూశారు, ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చారు, అధికారుల ముందు రిపోర్టు ఎలా చదివారు, అన్నీ రాయండి. నన్ను ఇంటర్వ్యూలో, లెక్కలో తప్పు కనపడినప్పుడు ఎదుటి మనిషి కోపం తెచ్చుకుంటే ఏం చేస్తావు అని అడిగారు. ఒక ప్రజావేదికలో జరిగిన గొడవ చెప్పా, ఇంకేం అడగలేదు.

చెల్లెలికి కూడా ఇవే చెప్పా. వచ్చే మంగళవారం డ్రైవింగ్ టెస్టంట. అది అవగానే నువ్వు తిరిగిన ఊళ్లన్నీ గుర్తున్నంతవరకూ తెలుగులోనే రాసి నాకు పంపమ్మా, ఇంగ్లీషులో కలిసి కూర్చుని పెడదాం అన్నా.