16 తీసి 32 పెడితే...
పాఠకుల ప్రశ్నలు: ఇంటి కరెంటు, పాత సామాను

ప్రశ్న: ఏసీ, ఇండక్షన్ పొయ్యి, ఇస్త్రీ పెట్టె కలిసి వేస్తే కాసేపటికి ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు) పడిపోయేది. కరెంటు పనికి వచ్చినతను 16 యాంపులది తీసి 32 పెట్టాడు. ఇప్పుడు పడిపోవడం లేదు గానీ ఏసీ సాకెట్ రెండుసార్లు కరిగింది. రెండుసార్లూ కొత్తది వేశాడు. సాకెట్లు నాసిరకానివా?
– స్టోన్‌హౌస్‌పేట, నెల్లూరు

జవాబు: సాకెట్ సంగతి తర్వాత, ముందు ఆ 32ని తీయించండి. ఎంసీబీ ఉన్నది గోడలోని వైరుని కాపాడటానికి. మీ లెక్క చూడండి: ఒకటిన్నర టన్ను ఏసీ సుమారు 7 యాంపులు, 2000 వాట్ల పొయ్యి 230 వోల్టుల మీద 8.7, ఇస్త్రీ పెట్టె మరో 4. అంతా కలిపి 20. అలాంటప్పుడు 16ది పడిపోయిందంటే తన పని తాను చేసినట్టే. పైపులో వెళ్లే 2.5 ఎంఎం రాగి వైరు మోయగలిగింది కూడా రమారమి అంతే. ఇప్పుడు అదే వైరులో 28 యాంపులు పారినా 32ది కిమ్మనదు. వైరు తొడుగు గోడ లోపలే మెత్తబడుతూ ఉంటుంది, మీకు వాసన వచ్చేసరికి ఆలస్యమైపోతుంది. వేసవిలో వోల్టేజి దిగినప్పుడు ఇన్వర్టర్ లేని పాతరకం ఏసీ ఇంకా ఎక్కువ లాగుతుంది.

ఇక సాకెట్. మెయిన్ ఆపించి, ప్లేటు విప్పించి, వైరు చివర చూడండి. రాగి నల్లబడి, పెళుసుగా ఉంటే ఆ ముక్క మీదనే కొత్త సాకెట్ బిగించారన్నమాట. కాలిన రాగి మీద ఏర్పడిన పొర కరెంటుకి అడ్డుపడుతుంది, అక్కడే మళ్లీ వేడి పుడుతుంది, కొత్త సాకెట్ కూడా కరుగుతుంది. ఎర్రగా మెరిసే రాగి తగిలేదాకా కత్తిరించాలి. వైరు పొట్టిదైపోతే మెలేసి టేపు చుట్టే పని ఒప్పుకోవద్దు. మన ఎండలకి టేపు జిగురు కారి ఊడిపోతుంది. కొత్త వైరు లాగాలి, లేదంటే జంక్షన్ బాక్సులో కనెక్టరుతో కలపాలి. పైపు లోపల అతుకు అసలు ఉండకూడదు. ఇంకొకటి కూడా చూడండి: వైరు కంతలో పట్టలేదని నాలుగు పోగులు కత్తిరించి దూరుస్తుంటారు. పైకి ఏమీ తెలియదు. మిగిలిన పోగుల మీద లోడంతా పడుతుంది.

సరైన పని ఏమిటంటే, డీబీ (ఎంసీబీలుండే పెట్టె) నుంచి ఏసీకి విడిగా 4 ఎంఎం ఫేజు (కరెంటు వచ్చే వైరు), న్యూట్రల్ (తిరిగి వెళ్లే వైరు), దాంతోపాటు ఎర్తు వైరు, 20 యాంపుల సీ-టైపు (మోటారు మొదలయ్యేటప్పటి ఊపుకి పడిపోని రకం) ఎంసీబీ. పొయ్యికి విడిగా 2.5 వైరు, 16 ఎంసీబీ. పని అయ్యాక ఏసీ అరగంట నడిపి, స్విచ్ ఆపి, ప్లగ్ పీకి పిన్నులు ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పర్లేదు. వేలు ఆనించలేకపోతే డబ్బు ఇవ్వకముందే మళ్లీ విప్పించండి. తీసేసిన సాకెట్, ఎంసీబీ మీ దగ్గరే ఉంచుకోండి. ఏం మార్చారో, ఎందుకు మార్చారో వాటిని చూస్తేనే తెలుస్తుంది.

ప్రశ్న: ఫ్రిజ్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. ఎర్తు పనిచేయడం లేదని చెప్పి, సాకెట్ లోపల ఎర్తునీ న్యూట్రల్‌నీ చిన్న వైరుతో కలిపారు. ఆ తర్వాత ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్తులోకి లీకైతే లైను ఆపేసే స్విచ్చు) ఊరికే పడిపోతోందని దాన్నీ తీసేశారు. ఇప్పుడు షాకు లేదు. ఇలా ఉంచవచ్చా?
– కొత్తపట్నం, ప్రకాశం జిల్లా

జవాబు: ఒక్కరోజు కూడా ఉంచకూడదు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందా, ఫేజు కరెంటు ఆ చిన్న వైరు గుండా ఫ్రిజ్ రేకు మీదికి వచ్చి నిలబడుతుంది. అప్పుడు జిల్లుమనడంతో పోదు, 230 వోల్టులు. ఆర్‌సీసీబీ కూడా ఊరికే పడిపోలేదు. న్యూట్రల్‌లో తిరిగి రావలసిన కరెంటు కొంత ఎర్తులోకి పోతోందని అది పసిగట్టింది. ఆ చిన్న వైరు ముక్క కోయించి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీని మళ్లీ పెట్టించండి. నెలకోసారి దాని మీది ‘టీ’ బటన్ నొక్కి చూడండి. పడకపోతే మార్చాల్సిందే.

అసలు జబ్బు ఎర్తు గుంటలో ఉంది. సముద్రపు ఉప్పుగాలి జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు కంటే ముందు దానికి వైరుని బిగించే క్లాంపుని తినేస్తుంది. బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించాక మీటరు పెట్టించండి. ఫేజు–న్యూట్రల్ 230 చూపిస్తే ఫేజు–ఎర్తు కూడా దాదాపు అంతే చూపాలి, న్యూట్రల్–ఎర్తు రెండు మూడు వోల్టులు దాటకూడదు. లోడు లేకుండా చూస్తే మీటరు ఒక్కోసారి మోసం చేస్తుంది కాబట్టి, ఫేజుకీ ఎర్తుకీ మధ్య 100 వాట్ల పాత బల్బు కూడా పెట్టించాలి. ఆర్‌సీసీబీ పెట్టకముందే ఈ పని కానివ్వండి, పెట్టాక దాని తర్వాతి లైనులో చేస్తే పడిపోతుంది. బల్బు మసకగా వెలిగితే కొత్త గుంట తవ్వాలి: 40 ఎంఎం జీఐ పైపు, కనీసం 2.5 మీటర్లు. సముద్రానికి దగ్గరైతే రాగి పూత రాడ్డు మేలు. ఎండాకాలంలో గుంటలో నీళ్లు పోస్తూ ఉండాలి.

ప్రశ్న: చెత్త పన్ను రద్దైంది కదా, అయినా పాత ఫ్రిజ్, ట్యూబ్‌లైట్లు మున్సిపాలిటీ బండివాళ్లు ఊరికే తీసుకెళ్లరెందుకు? తుక్కు కొట్టువాళ్లు ఫ్రిజ్‌కి ఇచ్చేది చాలా తక్కువ.
– ఒంగోలు

జవాబు: పన్ను 2024లో రద్దైంది, బండి డీజిలు, మనుషుల జీతాలు రద్దు కాలేదు. అవి పురపాలక నిధుల్లోంచే పోతున్నాయి. ఖర్చు పెరిగేది ఎక్కడంటే, విప్పకుండా ఇచ్చిన అట్టపెట్టెలు, ఖాళీ సీసాలు, థర్మోకోల్‌తో బండి బరువెక్కకుండానే నిండిపోతుంది. పొడి చెత్తలో సాంబారు పడితే ఆ కాగితానికి కొనేవాడుండడు, ఏరే కూలి మాత్రం పడుతుంది. అట్టపెట్టెలు మడిచి, పాల ప్యాకెట్లు కడిగి ఆరబెట్టి ఇస్తే చాలా మేలు.

ఫ్రిజ్‌లో తుక్కు కొట్టుకి పనికొచ్చేది ఇనుము, కంప్రెసర్‌లోని రాగి. మిగతా ఫోము కాలువ గట్టున పడుతుంది. మీ గుమ్మంలో దాని గ్యాసు గొట్టం కోయనివ్వకండి. కొత్తరకం ఫ్రిజ్‌లలో ఉండే ఆర్600ఏ గ్యాసు మండుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం రీసైక్లింగ్ బాధ్యత తయారీదారులదే. కొత్తది కొనేటప్పుడు పాతది తీసుకెళ్లమని కొట్టులో గట్టిగా అడగండి. ట్యూబ్‌లైట్లలో పాదరసం ఉంటుంది, పగలగొట్టకుండా అట్టలో చుట్టి విడిగా ఇవ్వండి. ఇన్వర్టరు బ్యాటరీని ఆసిడ్ వంపకుండా కొత్తదాని మీద మార్పిడికి ఇస్తే ధర తగ్గుతుంది.

పాత వైర్లు కాల్చి అమ్మకండి. పొగ విషం, పైగా కాలిన రాగికి ఒలిచిన రాగి ధర రాదు. కాటా వేసేముందు వాళ్లు కత్తితో గీకుతారు. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూత అల్యూమినియం, ధర పడిపోతుంది. ఆ గీకుడేదో కొనేటప్పుడే మీరూ చేయండి. మంచి వైరు చుట్ట (కాయిలు) మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 694 అన్న అంకె ఉంటాయి. అవి చూసుకుని, వైరు పేరు, సైజు బిల్లులో రాయించుకోండి.