యువ రచయితకు లేఖ: తలుపు తప్పిన చెయ్యి

తమ్ముడూ,

డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ బైబిల్ ఎచింగ్‌ల మీద, అంటే రాగిరేకు మీద గీసి కాగితం మీద ముద్ర తీసిన బొమ్మల మీద, నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఇష్టపడి రాశావని తెలుస్తోంది. కానీ మొదటి పేజీలోనే దైన్యం, నిస్సహాయత, ఆర్ద్రత వరసగా వచ్చి కూర్చున్నాయి. అవి నువ్వు చెబితే వచ్చేవి కావు, చదివేవాళ్ళకు కలగాలి.

1651 నాటి గుడ్డి తోబీతు (బైబిల్ కథలోని ముసలాయన) బొమ్మకు ఒక్క వాక్యమే ఇచ్చావు: ‘అంధుడి వేదన గుండెను పిండేస్తుంది’ అని. ఆ బొమ్మ మళ్ళీ చూడు. అరచేతికి కాస్త పెద్దది, అంతే. దూరదేశం వెళ్ళిన కొడుకు వచ్చాడని తెలిసి ముసలాయన పొయ్యి పక్క కుర్చీలోంచి గబుక్కున లేచాడు. వెనక రాట్నం పడిపోయింది. కుక్క కాళ్ళకు అడ్డం పడుతోంది. చాచిన చెయ్యి తలుపు మీదికి పోవడం లేదు, పక్కనున్న గోడ మీదికి పోతోంది. అక్కడున్నది ఆయన నీడే. రోజూ తడుముకుంటూ తిరిగే ఇల్లే కదా, గుమ్మం తెలియక కాదు. సంతోషం ఆయన్ని తొందరపెట్టింది. నువ్వు వేదన అని తేల్చేసిన చోట ఉన్నది ఇది!

ఆ కాలపు బరోక్ శైలి భక్తి చిత్రాల్లో ఆకాశానికెత్తిన కళ్ళు ఎన్నయినా దొరుకుతాయి. రెంబ్రాంట్ మాత్రం, 1655లో ఇస్సాకు బలి (దేవుడి ఆజ్ఞతో అబ్రాహాము కొడుకును బలివ్వబోయే కథ) చెక్కినప్పుడు, ఆ తండ్రి చేతిని కొడుకు కళ్ళకు అడ్డం పెట్టాడు. కత్తి కనబడకూడదని. దేవదూత వెనక నుంచి వచ్చి ఆ తండ్రిని రెండు చేతులా పట్టుకున్నాడు.

రెంబ్రాంట్ భార్య సాస్కియా మరణం, ఆయన దివాలా గురించి రాసిన రెండు పేరాలూ తీసెయ్. తోబీతును గీసేనాటికి దివాలా ఇంకా అయిదేళ్ళ దూరంలో ఉంది. జీవితాన్ని బొమ్మకు కారణంగా కట్టడం తేలిక, అందుకే అనుమానించాలి.

తీసెయ్యడానికి మనసొప్పకపోతే, అదే 1655లో ఆయన చేసిన మరో పని చూడు. రోమన్ గవర్నర్ పిలాతు, విచారణలో ఉన్న క్రీస్తును జనానికి చూపించే బొమ్మలో అరుగు ముందు గుంపును ఎంతో చక్కగా గీశాడు. కొన్ని ముద్రలు తీశాక రాగిరేకు మీద ఆ మనుషులందరినీ చెరిపేసి, వాళ్ళ చోట రెండు చీకటి కమానులు గీశాడు. ఇప్పుడు అరుగుకు ఎదురుగా మిగిలింది చూసేవాళ్ళమే.

ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియం సైట్‌లో ఈ ముద్రలు పెద్ద సైజులో ఉచితంగా దొరుకుతాయి. చిన్న ఫోటోలు చూసి రాయకు. తోబీతు భాగం ఒక్కటే మళ్ళీ రాసి పంపు, మిగతాది తర్వాత చూద్దాం.

ఆశీస్సులతో,
అన్నయ్య