కంప్యూటర్ సైన్స్ వద్దు, బ్లూస్ గిటార్ వాయిస్తానంటున్న కొడుకు: ఫ్రిస్కో అమ్మగారికి జవాబు

ప్రశ్న: మేము టెక్సస్‌లో డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి ఇక్కడే పుట్టాడు, ఇప్పుడు హైస్కూల్ సీనియర్. మార్కులు బాగానే ఉన్నాయి. చిన్నప్పట్నుంచీ గిటార్ నేర్చుకుంటున్నాడు, సరదాకే కదా అనుకున్నాం. ఇప్పుడేమో కంప్యూటర్ సైన్స్ వద్దు, బ్లూస్ (ఇక్కడి నల్లవాళ్ల పాత సంగీతం) వాయించే పనే చేస్తా, ఆ సంగీతానికి పేరున్న ఆస్టిన్ వెళ్లిపోతా అంటున్నాడు. వాళ్ల నాన్న వాడితో మాట్లాడటం మానేశారు. అడిగినవాళ్లకి నేను కంప్యూటర్ సైన్స్ అనే చెప్తున్నా. పంపక తప్పకపోతే బాస్టన్‌లో బర్క్‌లీ లాంటి పేరున్న మ్యూజిక్ కాలేజీకి పంపిద్దామని నా ఆలోచన, కనీసం డిగ్రీ ఉంటుంది, నలుగురికి చెప్పుకోడానికి బాగుంటుంది. బర్క్‌లీ, మాకు దగ్గర్లోని డెంటన్ ఊళ్లో ఉన్న యూనివర్సిటీ, నేరుగా ఆస్టిన్, ఈ మూడూ పోల్చి చెప్పగలరా? వీడి జీవితం ఏమైపోతుందో అని నిద్ర పట్టట్లేదు.

జవాబు: అమ్మా, పోల్చి చెప్తాను గానీ అది కాస్త తర్వాత. మీరు అడగాలనుకున్న అసలు ప్రశ్న చివరి లైన్లో ఉంది. ఇలాంటి ఉత్తరాలు నాకు వస్తూనే ఉంటాయి, ఒకరింట్లో ఫిల్మ్ స్కూల్, ఒకరింట్లో షెఫ్ అవుతానన్న కూతురు, ఇంకొకరింట్లో ఫుట్‌బాల్, సబ్జెక్ట్ మారుతుందే తప్ప ఆ చివరి లైన్ మారదు. అందుకే ముందు దానికే చెప్తున్నా. ఏమీ అయిపోదు. పదిహేడేళ్ల పిల్లాడు, మార్కులున్నాయి, సిటిజన్, వెనకాల ఇల్లుంది. నాలుగేళ్ల తర్వాత మనసు మార్చుకున్నా కమ్యూనిటీ కాలేజీలో చేరి అక్కడ్నుంచి యూనివర్సిటీకి మారిపోవచ్చు, పాతికేళ్లకి ఇంజినీరింగ్ మొదలుపెట్టినవాళ్లు ఈ దేశంలో బోలెడంతమంది. ఎంసెట్‌లో ర్యాంక్ రాకపోతే ఇక అంతే అన్న మన కాలపు భయం ఈ పిల్లాడికి వర్తించదు.

నిజంగా సరిదిద్దుకోలేని నష్టాలు నాకు తెలిసి రెండే. ఒకటి తీర్చలేనంత అప్పు. రెండోది ఇంటితో మాటలు తెగిపోవడం. ఆ రెండోది మీ ఇంట్లో ఇప్పటికే మొదలైంది, పైగా దాన్ని మొదలుపెట్టింది పిల్లాడు కాదు. మొదటిదానికి దారి కూడా మీరే వెతుకుతున్నారు, దాని గురించి కిందే చెప్తా.

ముందు ఒక్కమాట, మీరు బ్లూస్‌ని ఎక్కడో దూరపు వ్యవహారంలా రాశారు. మీ ఇంటి నుంచి ట్రాఫిక్ లేకపోతే అరగంటలో వచ్చే డాలస్ డీప్ ఎల్లమ్ పేట వీధుల్లో 1920ల్లో బ్లైండ్ లెమన్ జెఫర్సన్ అనే చూపులేని గాయకుడు గిటార్ వాయించుకుంటూ బతికాడు. డాలస్‌లోనే ఓక్ క్లిఫ్‌లో పెరిగిన టీ-బోన్ వాకర్ చిన్నప్పుడు ఆయన్ని చెయ్యి పట్టుకుని తిప్పేవాడు, ఎలక్ట్రిక్ గిటార్‌తో బ్లూస్ ఎలా వాయించాలో తర్వాత లోకానికి చూపించింది ఆ టీ-బోన్ వాకరే. బ్లూస్‌లో పెద్ద పేరున్న రాబర్ట్ జాన్సన్ 1937లో తన చివరి రికార్డింగులు చేసింది డాలస్ డౌన్‌టౌన్‌లోని 508 పార్క్ ఎవెన్యూ బిల్డింగ్‌లో. బ్లూస్ గిటార్ స్టార్ స్టీవీ రే వాన్ పుట్టింది కూడా డాలస్‌లోనే, 1954లో. మీ అబ్బాయి తను పుట్టి పెరిగిన చోటి సంగీతం నేర్చుకుంటా అంటున్నాడు, అందులో మీరు సిగ్గుపడాల్సింది ఏముందో నాకైతే అర్థం కాలేదు.

ఇక ఆ లైన్లో బతుకులు ఎలా ఉంటాయి అన్నది. అందరూ పెద్ద స్టార్ల గురించే చెప్తారు, నేను ఆస్టిన్‌లో ముగ్గురి గురించి చెప్తా. గ్యారీ క్లార్క్ జూనియర్, ఈవ్ మాన్సీస్ చిన్ననాటి స్నేహితులు, స్కూల్ రోజుల్లోనే కలిసి క్లబ్బుల్లో వాయించేవాళ్లు. గ్యారీ 2020లో ఒకే రాత్రి మూడు గ్రామీలు తీసుకున్నాడు. ఈవ్‌కి అలాంటి పేరు రాలేదు, ఆవిడ ఈరోజుకీ ఆస్టిన్‌లో బ్యాండుల్లో గిటార్ వాయిస్తుంది, భర్త మైక్ బక్‌తో కలిసి ఆంటోన్స్ రికార్డ్ షాప్ నడుపుతుంది, ఆయనా డ్రమ్మరే. మూడో మనిషి డబ్ల్యూ.సి. క్లార్క్. ఈయన 1960ల్లో టూర్లు చేసొచ్చి, ఆ తర్వాత ఫోర్డ్ షాపులో మెకానిక్‌గా పనిచేశాడు, స్టీవీ రే వాన్ వచ్చి బతిమాలి బ్యాండ్‌లోకి లాక్కెళ్లాడు. 2024లో 84 ఏళ్లకి పోయేదాకా ఆస్టిన్ బ్లూస్‌కి గాడ్‌ఫాదర్ ఈయనే అన్నారు ఆ ఊరివాళ్లు. ఈ ముగ్గుర్లో ఎవరి జీవితం పాడైపోయిందో చెప్పండి? మీ అబ్బాయి మొదటివాడిలా అవుతాడని నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు, చెప్పినవాళ్లని నమ్మకండి. రెండో బతుకు, మూడో బతుకు మాత్రం కష్టపడితే దొరుకుతాయి, వాటిల్లో గౌరవం ఉంది, తిండి ఉంది, డబ్బు మాత్రం తక్కువ.

ఎంత తక్కువ అంటే, 2015లో ఆస్టిన్ సిటీ కోసం చేసిన మ్యూజిక్ సెన్సస్‌లో దాదాపు ఐదోవంతు మ్యుజీషియన్లు పేదరికపు గీత దగ్గరో కిందో ఉన్నారని తేలింది, ఆ తర్వాత ఊళ్లో అద్దెలు ఇంకా పెరిగాయి, చాలామంది లాక్‌హార్ట్, శాన్ మార్కస్ లాంటి పక్క ఊళ్లకి మారిపోయారు. క్లబ్‌లో వాయిస్తే వచ్చేది డోర్ దగ్గర వసూలైన దాంట్లో వాటా, టిప్ జార్, బార్ అమ్మకాల్లో కొంత, అదంతా నలుగురో ఐదుగురో పంచుకోవాలి. అందుకే అక్కడ నిలబడినవాళ్లలో ఒక్క ఆదాయం మీద బతికేవాళ్లు తక్కువ. వారానికి ఒకే రోజు ఒకే క్లబ్‌లో ఫిక్స్‌డ్ షో, దాన్ని రెసిడెన్సీ అంటారు, దానితోపాటు కార్పొరేట్ పార్టీలు, పెళ్లిళ్లు, గిటార్ పాఠాలు, వేరేవాళ్ల రికార్డింగుల్లో వాయించడం, ఎండాకాలంలో యూరప్ ఫెస్టివల్స్. యాంప్లిఫైయర్ రిపేర్ తెలిసినా, లైవ్ సౌండ్ చూడటం వచ్చినా, ఆ పనికి గిటార్ వాయించేదానికంటే ముందు పిలుస్తారు. సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ టాక్స్ 15.3 శాతం తనే కట్టుకోవాలి, ఈ సంగతి పదిహేడేళ్లవాళ్లకి ఎవరూ చెప్పరు, మీరు చెప్పండి.

ఇప్పుడు మీ ప్లాన్‌కి వస్తా, పేరున్న ప్రైవేట్ మ్యూజిక్ కాలేజీ. అమ్మా, నాకు దీని మీద గట్టి అనుమానాలున్నాయి. చదువు బాగుండదని కాదు, బర్క్‌లీలో టీచర్లు గొప్పవాళ్లే, అక్కడ దొరికే తోటి పిల్లలూ గొప్పవాళ్లే. కానీ ఫీజు, హాస్టల్, తిండి కలిపితే నాలుగేళ్లకి 3 లక్షల డాలర్ల దాకా పోతుంది. అందులో 2 లక్షలు అప్పు చేశారనుకోండి, 8 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే నెలకి దాదాపు 2,400 డాలర్లు. ఒక రాత్రి వాయిస్తే చేతికి 100 వచ్చిందనుకుందాం, 24 రాత్రులు బ్యాంక్ కోసమే వాయించాలి. అద్దె ఎవరు కడతారు? ఏమవుతుందంటే, ఆ డిగ్రీ వచ్చిన పిల్లాడు కిస్తీ కట్టడానికి ఏదో ఆఫీసులో చేరతాడు, గిటార్ మంచం కిందకి పోతుంది. బ్లూస్ వాయించడానికి తీసుకున్న డిగ్రీయే బ్లూస్ మాన్పిస్తుంది. ఇది నేను చాలా ఇళ్లలో చూశాను, మ్యూజిక్ ప్రొడక్షన్ అని ఒకరు, సౌండ్ డిజైన్ అని ఒకరు, ఇప్పుడు మనవాళ్లలో అదో ఫ్యాషన్ అయిపోయింది. కూర్చుని అడిగితే తల్లిదండ్రులు ఒప్పుకునే విషయం ఒకటే, సంగీతం మాకు నచ్చలేదు, కానీ కాలేజీ పేరు నచ్చింది అని. మీ ఉత్తరంలో కూడా 'చెప్పుకోడానికి బాగుంటుంది' అని ఉంది, ఆ మాట మళ్లీ ఒకసారి చదువుకోండి. నలుగురికి చెప్పుకోడానికి 3 లక్షల డాలర్లు పెడతారా?

పైగా ఏ క్లబ్ ఓనరూ డిగ్రీ అడగడు. బ్లూస్ నేర్చుకునే పద్ధతి వేరు. క్లిఫర్డ్ ఆంటోన్ 1975లో పాతికేళ్ల వయసులో ఆస్టిన్‌లో ఆంటోన్స్ క్లబ్ పెట్టి, షికాగో నుంచి మడ్డీ వాటర్స్ లాంటి పెద్దవాళ్లని పిలిచి రోజుల తరబడి వాయించేలా చేశాడు. స్టీవీ రే వాన్ అన్న జిమ్మీ వాన్ లాంటి లోకల్ కుర్రాళ్లు ఆ పెద్దవాళ్ల పక్కనే స్టేజీ ఎక్కి నేర్చుకున్నారు, గ్యారీ క్లార్క్‌ని టీనేజ్‌లో చేరదీసింది కూడా ఈ ఆంటోన్ గారే. మన దగ్గర గురువు పక్కన కూర్చుని ఏళ్లకేళ్లు సంగీతం నేర్చుకోవడం మీకు తెలుసు కదా, ఇదీ దాదాపు అంతే. స్టీవీ రే వాన్ పదిహేడేళ్లకి ఆస్టిన్ వెళ్తే మొదటి ఆల్బమ్ 1983లో వచ్చింది, మధ్యలో పదేళ్లకి పైగా క్లబ్బులే. (ఆయన స్కూల్ మధ్యలో మానేశాడు, ఆ ఒక్కటీ మీవాడు కాపీ కొట్టకూడదు, డిప్లొమా చేతిలో పడ్డాకే ఏదైనా.)

పోలిక అడిగారు కాబట్టి. మూడింట్లో నా ఓటు డెంటన్‌కి. యూనివర్సిటీ ఆఫ్ నార్త్ టెక్సస్ 1947లోనే జాజ్‌లో డిగ్రీ పెట్టింది, ఈ దేశంలో మొదటిది అదే, మీ ఇంటికి దగ్గర, ఇన్-స్టేట్ ఫీజు. అక్కడ చదివేది జాజే తప్ప బ్లూస్ కాదు, ఆడిషన్ కష్టం, నోట్స్ చూసి వాయించడం రావాలి. కానీ మ్యూజిక్ ఎడ్యుకేషన్ వైపు వెళ్తే టీచర్ సర్టిఫికేషన్ వస్తుంది, టెక్సస్ స్కూళ్లలో బ్యాండ్ డైరెక్టర్లంటే చాలా గౌరవం, మీ చుట్టుపక్కల చాలా డిస్ట్రిక్టుల్లో టీచర్ జీతం 60 వేల డాలర్ల దగ్గర మొదలవుతుంది, ఎండాకాలం సెలవులు ఎలాగూ ఉంటాయి. నేరుగా ఆస్టిన్ అంటే, ఊరికే వెళ్లి కూర్చోకుండా ఆస్టిన్ కమ్యూనిటీ కాలేజీలో కోర్సులు తీసుకుంటూ, పగలు ఏదో ఉద్యోగం చేస్తూ, రెండేళ్లు గడువు పెట్టుకుని వెళ్తే నాకు అభ్యంతరం లేదు. శాన్ మార్కస్‌లో టెక్సస్ స్టేట్ యూనివర్సిటీలో సౌండ్ రికార్డింగ్ డిగ్రీ కూడా ఉంది, ఆస్టిన్ పక్కనే. బర్క్‌లీకి పెద్ద స్కాలర్‌షిప్ వస్తే అప్పుడు మళ్లీ మాట్లాడుకుందాం, లేదంటే వద్దు.

మీరు రాయలేదు గానీ మీ భయంలో సగం తాగుడు, డ్రగ్స్ గురించేనని నాకు తెలుసు. ఉందా అంటే ఉంది, రాత్రి పని, బార్‌లో పని, దాచడం ఎందుకు. స్టీవీ రే వాన్ కూడా అందులో పడ్డాడు, 1986లో ట్రీట్‌మెంట్ తీసుకుని బయటపడ్డాడు, 1990లో హెలికాప్టర్ ప్రమాదంలో పోయేనాటికి మానేసి దాదాపు నాలుగేళ్లు. ఇప్పుడు ఆస్టిన్‌లో అప్పటికంటే ఆసరా ఎక్కువ, 1995 నుంచి సిమ్స్ ఫౌండేషన్ మ్యుజీషియన్లకి కౌన్సెలింగ్, వ్యసనాల చికిత్స అందేలా చూస్తోంది, 2005లో మొదలైన హామ్ అనే సంస్థ తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి వైద్యం దొరికేలా చేస్తోంది. మీవాడు 26 నిండేదాకా మీ ఇన్సూరెన్స్‌లోనే ఉండొచ్చు, దయచేసి కోపంలో అది మాత్రం తీసేయకండి. కానీ ఏ సంస్థ ఉన్నా, అర్ధరాత్రి ఏదైనా జరిగితే భయపడకుండా నాన్నకి ఫోన్ చేయగలిగే పిల్లాడే ఎక్కువ భద్రంగా ఉంటాడు. ఇప్పుడున్న పరిస్థితిలో మీవాడు చేస్తాడా? మీవారికి ఇది చదివి వినిపించండి. ఇంట్లో మౌనవ్రతం పెట్టుకుని పిల్లల్ని దారిలోకి తెచ్చినవాళ్లని నేను చూడలేదు.

మీ ఇంటికి అవసరం లేకపోయినా ఇది చదివే మిగతావాళ్ల కోసం ఒకటి. మీ పిల్లలు హెచ్4 (అమ్మానాన్నల హెచ్1 మీద ఆధారపడిన వీసా) మీద ఉంటే డబ్బు తీసుకుని వాయించడం కుదరదు, 21 నిండితే హెచ్4 పోతుంది, ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద కూడా పర్మిషన్ లేకుండా బయట సంపాదించకూడదు. వాళ్లు ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవాలి, కాలేజీ సంగతి ఆ తర్వాతే.

మనవాణ్ణి వాళ్లు రానిస్తారా అన్న సందేహం చాలామందికి ఉంటుంది. కాలిఫోర్నియాలో ఆకీ కుమార్ అని ముంబైలో పుట్టినాయన ఉన్నాడు, అడోబీలో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా ఉంటూ బే ఏరియా జామ్స్‌లో (ఎవరైనా పేరిచ్చి స్టేజీ ఎక్కి కలిసి వాయించే రాత్రులు) హార్మోనికా వాయించి, తర్వాత ఉద్యోగం వదిలి పూర్తిగా బ్లూస్‌లోకి వచ్చేశాడు. రానిస్తారు, కానీ వినయం కావాలి. ఇది నల్లవాళ్ల కష్టంలోంచి పుట్టిన సంగీతం. ఆస్టిన్‌లో వాళ్లని ఊరికి తూర్పువైపు నెట్టేసిన రోజుల్లో ఈస్ట్ 11వ వీధిలో విక్టరీ గ్రిల్ 1945లో మొదలైంది, యుద్ధం నుంచి తిరిగొచ్చిన నల్ల సైనికులకి కూర్చోడానికి ఒక చోటు ఉండాలని. ఇవన్నీ మీవాడు తెలుసుకోవాలి, పెద్దవాళ్లు వాయిస్తుంటే వినాలి, జామ్‌లో తన వంతు వచ్చినప్పుడు పొడుగాటి సోలోలు కొట్టకుండా పాడేవాళ్లకి జాగా ఇవ్వాలి. అలా ఉండే కుర్రాణ్ణి మళ్లీ పిలుస్తారు, ఈ లైన్లో ఉద్యోగం రావడం అంటే అదే.

ఇప్పుడు మీ పని. వచ్చే వారం ఎవరు అడిగినా మా అబ్బాయి గిటారిస్ట్ అవుదామనుకుంటున్నాడు అని చెప్పండి. మీరు కంప్యూటర్ సైన్స్ అని అబద్ధం చెప్తున్నప్పుడు పక్కన నిలబడి వింటున్నది వాడే, అది వాడికి ఎలా ఉంటుందో ఆలోచించారా అసలు? తర్వాత డాలస్‌లో బ్లూస్ జామ్ జరిగే చోటికి ఒక ఆదివారం ముగ్గురూ వెళ్లండి, 21 నిండనివాళ్లని రానిస్తారో లేదో క్లబ్‌ని బట్టి ఉంటుంది, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మీవాడు పేరు రాయించి, తెలియని మనుషులతో రెండు పాటలు వాయించనీ. దిగాక అక్కడి పెద్దవాళ్లు వాడికి ఏం చెప్పారో వాణ్ణే అడగండి, కాలేజీ గురించి నేను చెప్పేదానికంటే అది ఎక్కువ పనికొస్తుంది. డెంటన్ ఆడిషన్ తేదీలు సీట్ల కంటే ముందే అయిపోతాయి, కాబట్టి ఈ రెండు పనులూ ఈ నెల్లోనే కానివ్వండి. మీవారిని నాకు విడిగా రాయమనండి, ఆయన అడగాలనుకున్నది వేరే ఏదో ఉండి ఉంటుంది.