స్మాష్ బ్రదర్స్: పాత ఆటల స్టేజీలు టోర్నమెంట్లలో ఎందుకు ఉండవు?

స్మాష్ బ్రదర్స్ అంటే రకరకాల వీడియో గేమ్‌ల క్యారెక్టర్లు కొట్టుకునే ఫైటింగ్ గేమ్: ఎదుటివాణ్ని తెర బయటికి పంపితే వాడి ప్రాణం (స్టాక్) ఒకటి పోతుంది. మెలీ, బ్రాల్, అల్టిమేట్ ఆ సిరీస్‌లోని ఆటలు, స్టేజ్ అంటే కొట్టుకునే చోటు. పాత ఆటల నుంచి అచ్చంగా దించిన స్టేజీలను టోర్నమెంట్లలో ఆడనివ్వరు, మెలీలో యోషీస్ స్టోరీని మాత్రం ఆడనిస్తారు, ఇదేం న్యాయం అని అడిగారు. తేడా ఎక్కడుందంటే, కొన్నింటిలో పాత ఆట మ్యాప్ మొత్తం తెచ్చి పెట్టారు, కొన్నింటిలో ఒక్క ముక్క తెచ్చుకున్నారు.

75 మీటర్ల స్టేజ్ చూడండి. 1981 నాటి డాంకీ కాంగ్‌లో లిఫ్టులు, నిచ్చెనలు, ఎగిరెగిరి వచ్చే స్ప్రింగులు ఉన్న స్క్రీనే 2008లో బ్రాల్‌లోకి వచ్చింది. అసలు ఆటలో కాస్త ఎత్తు నుంచి జారినా ప్రాణం పోతుంది, అందుకే లిఫ్టు మీద ప్రతి అడుగూ ఆచితూచి వెయ్యాలి. స్మాష్‌లో ఎంత ఎత్తు నుంచి పడినా దెబ్బే తగలదు. ఆ భయం తీసేస్తే మిగిలేది దాగుడుమూతలకు పనికొచ్చే చిక్కుదారి. వేగం ఉన్న క్యారెక్టర్ ఒక దెబ్బ కొట్టి, టైమ్ అయిపోయేదాకా చుట్టూ పరుగెడితే ఎదుటివాడు చేసేదేమీ ఉండదు.

బ్రాల్‌లోనే మష్రూమీ కింగ్‌డమ్ ఉంది, అది 1985 సూపర్ మారియో బ్రదర్స్‌లో మొదటి లెవెల్ 1-1 నుంచి వచ్చింది. అప్పట్లో మారియో కదిలితేనే తెర కదిలేది. ఇక్కడ తెర దానంతటదే కుడికి సాగిపోతుంది, కొట్టుకోవడం మానేసి దాని వెంట పడాలి. సోనిక్ ఆట నుంచి వచ్చిన గ్రీన్ హిల్ జోన్‌ది ఇంకో తంటా: నేల రెండు పక్కలా తెర బయటికి పోతుంది. అంచు దగ్గర షీల్డ్ వేసుకుని కూర్చున్నవాడు మిమ్మల్ని పట్టుకుని వెనక్కి విసిరితే, అప్పటిదాకా ఒక్క దెబ్బా తగలకపోయినా (డ్యామేజ్ 0%) ఒక స్టాక్ పోయినట్టే.

ఇక మెలీ టోర్నమెంట్లలో మామూలుగా ఆడే ఆరు స్టేజీల్లో యోషీస్ స్టోరీ, డ్రీమ్ ల్యాండ్, ఫౌంటెన్ ఆఫ్ డ్రీమ్స్ మూడూ ప్లాట్‌ఫామ్ ఆటల నుంచి వచ్చినవే. డ్రీమ్ ల్యాండ్‌లో చెట్టు గాలి ఊదుతుంది, కానీ ఆ గాలి తోస్తుందే తప్ప దెబ్బ కొట్టదు. యోషీస్ స్టోరీలో స్టేజ్ చుట్టూ తిరిగే మబ్బుని ఆటగాళ్ళు ర్యాండాల్ అంటారు. దాని చుట్టు సరిగ్గా 20 సెకన్లు, ఎప్పుడూ తప్పదు. టైమర్‌లో సెకన్లు చూస్తే అది ఎటుందో తెలిసిపోతుంది కాబట్టి, అంచు అందక పడిపోతున్నప్పుడు దాని మీద దిగి బతకొచ్చు. దీన్ని అదృష్టం అనలేం, బట్టీ పట్టాల్సిన విషయం. ఫౌంటెన్‌లో పక్క ప్లాట్‌ఫామ్‌లు ఎప్పుడు లేస్తాయో ముందే చెప్పలేం, అయినా సర్దుకుంటారు. డబుల్స్‌లో మాత్రం దాన్ని పక్కన పెడతారు, నలుగురు ఆడితే ఆట నెమ్మదిస్తుంది మరి.

మీరు ఇంట్లో అల్టిమేట్ ఆడుతుంటే రూల్స్‌లో స్టేజ్ హజార్డ్స్ (స్టేజే పెట్టే ఆటంకాలు) ఆపేయొచ్చు. కానీ 75 మీటర్లలో స్ప్రింగులు పోయినా ఆ చిక్కుదారి అలాగే ఉంటుంది. దానికి బదులు స్టేజ్ ఎంచుకునేటప్పుడే ఒమేగా ఫామ్ పెట్టండి, వెనక బొమ్మలూ పాటలూ అవే ఉండి కింద ఒకటే చదును నేల వస్తుంది. పైన మూడు ప్లాట్‌ఫామ్‌లు కూడా కావాలంటే బ్యాటిల్‌ఫీల్డ్ ఫామ్.